పచ్చ రంగు పడవ

మా కింద వాటాలో కొత్తగా దిగిన కుర్రాడికి చేపల పిచ్చి పట్టుకుంది. బ్యాంకులో ఉద్యోగం. ఆదివారం వస్తే చాలు, గాలం కట్టుకుని మోటారు సైకిలు మీద తెనాలి చుట్టుపక్కల కాలవలన్నీ తిరుగుతాడు. ఇప్పుడు ఏకంగా ఫైబరు పడవే కొంటాట్ట. మొన్న నేను కూరల సంచీతో మెట్లెక్కుతుంటే ఫోను పట్టుకుని అడ్డం వచ్చాడు.

"టీచరుగారూ, మీ అమ్మగారిది రేపల్లె అవతల ఏటి ఒడ్డు అన్నారు కదండీ. పడవకి ఏ రంగు వేయిస్తే చేపలు బెదరవండీ? ఇందులో ఒకాయన పసుపు వద్దే వద్దంటాడు. ఇంకొకాయనేమో చేపకి కింద నుంచి నీడ తప్ప రంగు తెలియదంటాడు. ఎవరి మాట నమ్మాలండీ?"

"నేను చేపల్ని తిన్నానే గాని వాటినేం అడగలేదు నాయనా" అని పైకొచ్చేశాను.

తలుపు వేసుకున్నాక సంచీ కింద పెట్టడం కూడా మర్చిపోయి అలాగే నిలబడ్డాను. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే కాబట్టి ఏమైందని అడిగేవాళ్ళు లేరు. పాపం, ఆ కుర్రాడికి మర్యాదగా జవాబు చెప్పాల్సింది. ఆ ప్రశ్నకి జవాబు కోసం తొమ్మిదేళ్ళప్పుడు నేను పడ్డ పాట్లు ఇంకెవరూ పడి ఉండరు.

మా అమ్మ పోయిన ఏడాది అది. తెనాలిలో మాది ఒక్క గది కాపురం. నాన్న బియ్యం మిల్లులో ఫిట్టరు. పొద్దున వెళ్ళాక ఎప్పుడు తిరిగొస్తాడో ఆయనకే తెలియని ఉద్యోగం. అమ్మకి కడుపులో నొప్పి వస్తే గుంటూరు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రిక్షా ఎక్కుతూ, "సాయంత్రానికి వచ్చేస్తాగా, పక్కింట్లో ఆడుకో" అంది నాతో. నేను పక్కింటి అరుగు మీద కూర్చుని వీధి చివరకే చూస్తూ ఉన్నాను. దీపాలు పెట్టాక కూడా చూశాను. అమ్మ ఆ సాయంత్రం రాలేదు. మర్నాడు తీసుకొచ్చారు గాని, దాన్ని రావడమని ఎలా అంటాను?

అమ్మ పోయాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూటం జరిగిన మర్నాడే నాన్న నన్ను అమ్మ వాళ్ళ నాన్న దగ్గరకు తీసుకెళ్ళాడు. తెనాలిలో రైలెక్కితే రేపల్లెతో రైలు పట్టాలు అయిపోతాయి. అక్కడ నుంచి బస్సు. కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు విడిపోయిన చిన్న పాయ ఒకటి ఉండేది. దాన్ని మేం ఏరు అనేవాళ్ళం. బస్సు ఆ ఏటి గట్టు మీదుగా వచ్చి, తాత వాళ్ళ ఊరి దగ్గర ఆగి, వెనక్కి తిరిగేది. ఆ పైన బస్సు పోవడానికి నేల లేదు.

తాత ఇంటి ముందు కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. అమ్మమ్మ అంతకు చాలా ముందే పోయింది. నాన్న నిలబడే మాట్లాడాడు.

"వేసవి దాకా ఉంచుకో మావయ్యా. తర్వాత బాపట్లలో బోర్డింగులో వేస్తాను. అక్కడ మనవాళ్ళ పిల్లలు బోలెడుమంది."

"బోర్డింగెందుకయ్యా, నేను బతికుండగా? పడవ ఆడినన్నాళ్ళు పిల్ల నా దగ్గరే ఉంటది. నాకింత ముద్ద, దానికింత ముద్ద దొరక్కపోదు. దొరకని రోజొస్తే కబురు చేస్తా, నువ్వే వచ్చి తీసుకుపో."

నాన్న సరే అన్నాడు. వాళ్ళు నన్ను చూడకుండా మాట్లాడుకున్నారు గాని నేను ప్రతి ముక్కా విన్నాను. పడవలోకి చేప వస్తే నేను తాత దగ్గర ఉంటాను. రాకపోతే బాపట్ల. అంతే లెక్క.

తాత ఇంటి వాసన ఇప్పటికీ నాకు గుర్తే. తారు, ఎండు రొయ్యలు, తడి వల, పొయ్యిలో తాటాకు మంట. ఆటుకి నీళ్ళు తీసినప్పుడు ఏటి బురద నుంచి లేచే కంపు సరేసరి. మొదటి రెండు రోజులు ముక్కు మూసుకున్నాను. మూడో రోజు నా గౌనుకే ఆ కంపు పట్టేసింది. తాత పొద్దున్నే నాకు చద్దన్నంలో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ పెట్టి, తను కూడా తిని వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చాక చింతకాయలు దంచి జెల్ల చేపల పులుసు పెట్టేవాడు. మధ్యాహ్నం తిండి నా ఇష్టం. నా ఇష్టమంటే, పక్కింటి వాళ్ళు చాప మీద ఎండబెట్టిన రొయ్యలు గుప్పెడు జేబులో వేసుకోవడం. కాకులు తిన్నాయని వాళ్ళు కాకుల్ని తిట్టేవాళ్ళు. నేను కూడా వాళ్ళతో కలిసి తిట్టేదాన్ని.

పగలంతా ఒక్కదాన్నే. బడి ఉండేది గాని మేష్టారు వచ్చిన రోజే బడి. ఊళ్ళో పిల్లలు నన్ను తెనాలి పిల్ల అనేవాళ్ళు, నాతో ఆడేవాళ్ళు కాదు. మధ్యాహ్నం తిరిగిందంటే వెళ్ళి గట్టు మీద కూర్చునేదాన్ని. పడవలు మలుపు తిరిగి ఒక్కొక్కటే వచ్చేవి. అన్నీ తారు పూసిన నల్ల పడవలు. దగ్గరకు వచ్చేదాకా ఏది ఎవరిదో తెలిసేది కాదు. ఒక్కో నల్ల పడవ మలుపు తిరగ్గానే లేచి నిలబడేదాన్ని. అది మనది కాదని తేలగానే, తాత కూడా ఇంక రాడు అనిపించేది. ఆ భయం రోజూ పడ్డాను. ఎవరికి చెప్పను? చెబితే తెనాలి పిల్ల పిరికిదంటారు.

తాతతో పాటు పడవ మీద ఇంకొక ముసలాయన వెళ్ళేవాడు. పడవ తాతది, వలలు ఆయనవి, చేప చెరి సగం. అందుకని ఆయన్ని నేను పొత్తు తాత అనేదాన్ని. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. ఆయనకొక మేక ఉండేది. ఆ మేకంటే ఆయనకు ప్రాణం.

క్రిస్మస్ వెళ్ళి, చలి తగ్గుముఖం పట్టాక, తాత పడవని ఒడ్డుకు లాగించాడు. ఈసారి తారు వద్దు, రంగు వేద్దాం అన్నాడు. ఒడ్డు బురదలో పెరిగే మడచెట్ల నీడ పడి ఏటి నీళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి కాబట్టి పడవ కూడా అలా ఉంటే చేప బెదరదని ఆయన ఆలోచన. "నీళ్ళల్లో నీళ్ళలాగా కలిసిపోవాలే పడవ" అని పొత్తు తాతకి చెప్పడం నేను చెవులారా విన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను తర్వాత చేసిన పని ఎంత తెలిసి చేశానో అర్థమవుతుంది.

ఇద్దరం రేపల్లె వెళ్ళాం. తాత వల దారం కోసం పక్క వీధికి పోతూ నన్ను రంగుల కొట్టు ముందు దింపాడు.

"పడవకి పచ్చ రంగు కావాలని చెప్పు అమ్మడూ. నేనొచ్చి తీసుకుంటా."

కొట్లో కిరసనాయిలు వాసన. కొట్టాయన కళ్ళజోడు పైకి నెట్టి నన్ను చూశాడు.

"ఏ పచ్చమ్మా? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

మన భాషలో ఉన్న తిరకాసు అది. గడ్డీ పచ్చే, పసుపు రాసిన కాళ్ళూ పచ్చే. నాకు సమాధానం తెలుసు. ఆకుపచ్చ అనాలి. కానీ ఆయన అప్పటికే రెండు డబ్బాల మూతలు తీసి చూపించాడు. ఆకుపచ్చ నిజంగా ఏటి నీళ్ళలాగే ఉంది. ఆ రంగు వేస్తే పడవ నీళ్ళల్లో కలిసిపోతుంది, నేను గట్టు మీద కూర్చుని ఎంత కళ్ళు చించుకున్నా తాత కనపడడు. రెండో డబ్బాలో పసుపుపచ్చ ఉంది. చూడగానే కళ్ళల్లో పడింది.

"పసుపుపచ్చండి" అన్నాను.

ఆయన పసుపుపచ్చవే రెండు డబ్బాలు కాగితం చుట్టి తాడు కట్టాడు. తాత వచ్చి భుజానికెత్తుకున్నాడు.

మర్నాడు ఒడ్డున మూత తీసేసరికి అందరి మొహాలూ చూడాలి. పొత్తు తాత నెత్తి బాదుకున్నాడు. "ఇదేంటి బావా! పెళ్ళికూతురికి నలుగు పెడుతున్నావా, పడవకి రంగేస్తున్నావా?" ఒడ్డున ఉన్నవాళ్ళంతా పగలబడి నవ్వారు. తాత డబ్బాలోకి కాసేపు చూశాడు. మూత తీసిన డబ్బా కొట్టాయన వెనక్కి తీసుకోడు.

"పచ్చ తెమ్మన్నాను, పచ్చే తెచ్చింది. పిల్లదేం తప్పు? సరిగా చెప్పంది నేను" అన్నాడు.

పచ్చ అన్న ఆ చిన్న మాట చాటున నేను దాక్కున్నాను. తప్పు చేసినదానికంటే అదే ఎక్కువ తప్పని నాకు అప్పుడే అనిపించింది, అయినా దాక్కున్నాను.

రెండు రోజులు పూశారు. డబ్బా అడుగున మిగిలిన రంగుతో నేను పొత్తు తాత మేకకి రెండు కొమ్ములూ పూశాను. ఆయన నన్ను గట్టు పొడుగునా తరిమాడు. ఆ ఊరి పిల్లలు నన్ను చూసి మొదటిసారి మెచ్చుకోలుగా నవ్వింది ఆ రోజే.

ఆ తర్వాత పదిరోజులు నా బాల్యంలో మంచి రోజులు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుంటే, మలుపు ఇంకా ఎంతో దూరం ఉండగానే, మడచెట్ల సందుల్లో పడవ పసుపుపచ్చగా కదిలేది. అదిగో తాత! ఇంక భయం లేదు. లేచి ఇంటికి పరిగెత్తి పొయ్యి రాజేసి, చింతకాయలు దంచి పెట్టేదాన్ని. తాత వచ్చి, "నేనొస్తున్నట్టు నీకెట్టా తెలుసే?" అని ఆశ్చర్యపోయేవాడు. నవ్వి ఊరుకునేదాన్ని.

అప్పుడే చేప పడటం తగ్గింది. ముందు జెల్లలు తగ్గాయి, తర్వాత పండుగప్ప మొహమే కనపడలేదు. నల్ల పడవల వాళ్ళకి మాత్రం ఎంతో కొంత పడుతూనే ఉంది. ఒడ్డున సాయంత్రం చుట్టలు కాలుస్తూ పెద్దవాళ్ళది ఇదే చర్చ. చేప కళ్ళు పైకి ఉంటాయి కాబట్టి పచ్చ రంగు దాని కళ్ళల్లో గుచ్చుకుంటుందని ఒకాయన. చేప రంగు చూడదు, తెడ్డు చప్పుడు వింటుందని ఇంకొకాయన. సముద్రంలో పచ్చటి పాములుంటాయి, వాటిని చూసిన చేప పచ్చ రంగంటే పారిపోతుందని మరొకాయన. పొత్తు తాతకి మాత్రం అనుమానమే లేదు. "ఆ పెళ్ళికూతురు పడవని చూసి చేపలు సిగ్గుపడుతున్నాయి" అనేవాడు. మొదట్లో నవ్వుతూ అనేవాడు. తర్వాత నవ్వడం మానేశాడు.

నా చేతులతో నేనే బాపట్ల దారి వేసుకున్నాను.

నిజమేంటో తేల్చుకోవాలనుకున్నాను. మూడు కొబ్బరి చిప్పలు సంపాదించాను. ఒకదానికి డబ్బా గోకి పసుపుపచ్చ పూశాను, ఒకదానికి తారు, ఒకటి ఉత్తది. నీళ్ళు తీసినప్పుడు ఒడ్డున మిగిలే మడుగులో మూడింటినీ వదిలి, బోర్లా పడుకుని చూశాను. చిన్న చిన్న పరిగె చేపలు ముందు బెదిరి పారిపోయాయి. నేను కదలకుండా ఉన్నాక మెల్లగా వచ్చాయి. పచ్చ చిప్ప కిందకీ వచ్చాయి, నల్ల చిప్ప కిందకీ వచ్చాయి. ఎండకి నీడ దొరికింది వాటికి, రంగుతో ఏం పని? నాలుగు రోజులు చూశాను. వీపు కాలి తోలు ఊడింది. నాలుగు రోజులూ అదే.

పరిగెత్తుకెళ్ళి పొత్తు తాతకి చెప్పాను.

"మడుగులో పరిగె, ఏట్లో పండుగప్ప ఒకటేనా మనవరాలా? పోయి ఆడుకో పో" అన్నాడు.

ఆ వారంలోనే ఆయన వలలు తీసుకుని వేరే పడవలో చేరిపోయాడు. పోతూ తాత చెయ్యి పట్టుకుని, "ఇంట్లో పొయ్యి వెలగాలి గదా బావా, ఏమీ అనుకోకు" అన్నాడు. తాత తల ఊపాడు. ఆ రోజు పడవని ఒడ్డున బోర్లించి, పగుళ్ళలో పత్తి కూరుతూ ఒక్కడే కూర్చున్నాడు. నేను ఇంక ఉండలేకపోయాను.

"తాతా, ఆ రోజు కొట్టాయన అడిగాడు."

"ఏమని?"

"ఏ పచ్చమ్మా అని. నువ్వు ఆకుపచ్చ తెమ్మన్నావని నాకు తెలుసు. నేనే పసుపుపచ్చ అన్నాను."

తాత చేతిలో పని ఆగింది. "ఎందుకని?"

"దూరం నుంచి కనపడాలని. నువ్వు వస్తున్నావో రావట్లేదో నాకు తెలియాలని." ఇంక ఏడుపు ఆగలేదు. "నల్ల రంగు వేసెయ్ తాతా. నాకు కనపడకపోయినా పర్లేదు. నన్ను బాపట్ల పంపించొద్దు."

ఆయన ఎదురుగా ఉన్న పగులులో పత్తి కూరడం ముగించాడు. తర్వాత, "లే, ఎండలో కూర్చోకు, జ్వరం వచ్చిద్ది" అన్నాడు. కోపం వచ్చిందనుకున్నాను.

తెల్లారి లేచేసరికి తారు కాగుతున్న వాసన. ఒడ్డుకు పరిగెత్తాను. పడవ అడుగంతా నల్లగా తారు పూసేశాడు. నీళ్ళకి పైన ఉండే అంచు మాత్రం జానెడు మేర పసుపుపచ్చగా అలాగే వదిలేశాడు.

"చేప కింద నుంచి చూసిద్ది. నువ్వు గట్టు మీంచి చూస్తావు. ఎవరిది వాళ్ళకి" అన్నాడు.

ఆయన్ని పట్టుకుని ఏడ్చాను. చేతులకి, గౌనుకి తారంతా అంటుకుంది.

ఇంత చేసినా చేప రాలేదు. ఒక్కడే తెడ్డు వేసుకుంటూ ఒక్కడే వల వెయ్యడం ఆ వయసులో కుదిరే పని కాదు. ఆ తర్వాతి నెలలో నల్ల పడవలు కూడా ఖాళీగానే వచ్చాయి. ఏరు సముద్రంలో కలిసే చోట ఇసుక మేట వేసిందని, చేప లోపలికి రావడం లేదని అప్పుడు అన్నారు. పడవ రంగు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పొత్తు తాత ఒక రోజు వచ్చి మా అరుగు మీద కూర్చుని, నాలుగు ఎండుచేపలు పెట్టి వెళ్ళాడు. కానీ అప్పటికే తాత నాన్నకి కబురు చేసేశాడు. నాకు చెప్పకుండానే చేశాడు.

నాన్న వచ్చిన సాయంత్రం తాత నన్ను పక్కకి పిలిచాడు.

"రేపు ఏ గౌను వేసుకుంటావే?"

"ఎందుకు తాతా?"

"నేను బస్సు దగ్గరికి రానులే. పొద్దున్నే పోటుంది, వల వెయ్యాలి." అది సాకని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. "బస్సు గట్టు మీద పోయేటప్పుడు ఏట్లోంచి కిటికీలు కనపడతాయి. రంగు తెలిస్తే నిన్ను పోల్చుకుంటా."

"పచ్చ గౌను."

"ఏ పచ్చ?"

ఇద్దరం నవ్వేశాం. ఎన్నో రోజుల తర్వాత నవ్వాం. "పసుపుపచ్చే తాతా" అన్నాను.

తెల్లారి నేను లేచేసరికి తాత వెళ్ళిపోయాడు. నాన్న నా ముందు తెల్ల జాకెట్టు, నీలం పావడా పెట్టాడు. బోర్డింగు యూనిఫారం. మొదటి రోజే శుభ్రంగా కనపడాలన్నాడు.

"పచ్చ గౌను వేసుకుంటానని తాతకి చెప్పాను నాన్నా."

"తాత ఏట్లో ఉన్నాడు. ఎవరు చూడొచ్చారే? బస్సు వచ్చేస్తుంది, త్వరగా కానివ్వు."

నాన్న గొంతు కూడా బాగోలేదు ఆ రోజు. ఎదురు చెప్పలేకపోయాను. పచ్చ గౌను పెట్టెలోకి, పెట్టె బస్సు పైకి వెళ్ళిపోయాయి. నాకు ఏటి వైపు కిటికీ కూడా దొరకలేదు. నిలబడ్డ మనుషుల నడుముల మధ్య నుంచి తల దూర్చి చూశాను. ఒక ముక్క నీళ్ళు కనపడ్డాయి. ఆ ముక్కలో పడవ లేదు. చెయ్యి ఊపడానికి కూడా జాగా లేదు. గట్టు దిగిపోయి బస్సు పొలాల్లోకి వచ్చేసింది.

రేపల్లెలో రైలు, తెనాలిలో ఇంకో రైలు, బాపట్ల. అక్కడి రోజుల గురించి చెప్పను. దీపాలు పెట్టే వేళకి గంట కొట్టేవారు. ఆ గంట కొట్టినప్పుడల్లా తాత ఒడ్డుకు చేరాడా లేదా అనుకునేదాన్ని, కనుక్కునే దారి లేక పడుకునేదాన్ని.

క్రిస్మస్ సెలవులకి వెళ్ళాను. తాత చిక్కిపోయాడు. ఎక్కడ సంపాదించాడో జెల్లల పులుసు పెట్టాడు. నా పళ్ళెంలో ముక్క వేస్తూ అన్నాడు:

"ఆ రోజు ఎంత బాగా కనపడ్డావే అమ్మడూ! పచ్చ గౌనులో, కిటికీలోంచి చెయ్యి ఊపుతూ. బస్సు తిరిగిందాకా నిన్నే చూశా."

ఆయన మొహంలోకి చూశాను. సంతోషంగా ఉన్నాడు. ఇంకెవరి పిల్లనైనా చూసి నేననుకున్నాడో, ఎవర్నీ చూడలేదో నాకు తెలియదు.

"నాకూ కనపడ్డావు తాతా. పడవ అంచు పచ్చగా ఎంత దూరం కనపడిందో!" అన్నాను.

"అందుకే గదా ఉంచింది" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆయన ఇంకా ఆరేళ్ళు బతికాడు. ఎన్ని సెలవులు వచ్చాయి! ఏ సెలవుల్లో అయినా చెప్పి ఉండొచ్చు, తెల్ల జాకెట్టు సంగతి. చెప్పలేదు. ఆయనా తన మాట మార్చలేదు. మేమిద్దరం ఆ రోజు ఒకరినొకరం చూసుకోలేదన్న సంగతి ఇప్పుడు తెలిసినది నాకొక్కదానికే.